సీటీబీటీ మీద ఇండియా ఇప్పుడైనా సంతకం పెట్టాలా?

కొండవీటి_వాసు
2025 అక్టోబర్ చివర్లో ట్రంప్, మిగతా దేశాలతో సమానంగా మేమూ అణుపరీక్షలు మొదలుపెడతాం అన్నప్పటి నుంచి ఇది బుర్రలో తిరుగుతోంది. ఇప్పట్లో పేలుళ్లేమీ ఉండవని వాళ్ల ఇంధన మంత్రి తర్వాత సర్దిచెప్పాడనుకోండి. సీటీబీటీ అంటే సమగ్ర అణుపరీక్షల నిషేధ ఒప్పందం, 1996లో వచ్చింది. 187 దేశాలు సంతకం పెట్టాయి, 178 ధ్రువీకరించాయి. అయినా అమల్లోకి రాలేదు. అప్పట్లో రియాక్టర్లున్న 44 దేశాల పేర్లు రాసుకుని, అవన్నీ ఒప్పుకుంటేనే అమలు అన్నారు. తొమ్మిది మిగిలాయి: అమెరికా, రష్యా, చైనా, ఈజిప్టు, ఇరాన్, ఇజ్రాయెల్, పాకిస్తాన్, ఉత్తర కొరియా, మనం. 1998 తర్వాత మనం ఎలాగూ పరీక్ష చేయలేదు. సంతకం పెడితే పోయేదేంటి?

పాతకాపు_58
పోయేదేంటా? వాసు గారూ, ఆ 44 జాబితా ఎలా పుట్టిందో ముందు తెలుసుకోండి. 1996 జూన్ 20న జెనీవా చర్చల్లో మన రాయబారి అరుంధతీ ఘోష్ గారు మేం సంతకం చేయం అని తేల్చి చెప్పేశారు. ఎవరైనా పరీక్ష చేస్తే పసిగట్టే నిఘా స్టేషన్ల నుంచి కూడా తప్పుకున్నాం. అది తెలిసీ మన పేరు అందులో ఇరికించారు. పెళ్లి వద్దన్న పిల్లకి ముహూర్తం పెట్టడం కాదా ఇది? ఆగస్టులో మనం అడ్డుపడితే, ఆస్ట్రేలియా దాన్ని సరాసరి ఐరాస జనరల్ అసెంబ్లీకి పట్టుకెళ్లింది. 158 మంది అటు, ముగ్గురం ఇటు. మనకి తోడు భూటాన్, లిబియా.

చిట్టిబాబు_కాకినాడ
సీబీడీటీనా? ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు కదా, వాళ్ల దగ్గర సంతకం పెట్టకపోతే నోటీసు వస్తుంది బ్రదర్.

సీస్మో_సుబ్బు
పాతకాపు గారు 1996 దగ్గరే ఆగిపోయారు. నేను భూకంపాల డేటాతో పనిచేసేవాణ్ణి, నాకు తెలిసింది చెప్తా. ఒప్పందం అమల్లోకి రాకపోయినా వియన్నాలో దాని యంత్రాంగం పనిచేస్తూనే ఉంది. అనుకున్నవి 321 స్టేషన్లు, 16 ల్యాబులు. 2006లో ఉత్తర కొరియా పేల్చింది కిలోటన్ను, అంటే వెయ్యి టన్నుల టీఎన్‌టీ పేలుడంత, కూడా లేదు. అప్పటికి స్టేషన్లు సగం సగమే ఉన్నాయి. అయినా కంపనం దొరికింది. రెండు వారాలకి ఎక్కడో కెనడాలోని ఎల్లోనైఫ్‌లో గాలిలో జినాన్, అంటే అణు పేలుడులో పుట్టే రేడియోధార్మిక వాయువు, కూడా దొరికింది. దొంగచాటుగా చేద్దామంటే కుదరదు ఇక. ఆ డేటా సునామీ హెచ్చరిక కేంద్రాలకీ ఇస్తున్నారు. సంతకం పెట్టిన దేశాలకి అది హక్కు. మన సునామీ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది, ఆ హక్కు మాత్రం మనకి లేదు.

పాతకాపు_58
సంతకం సంతకం అంటున్నారు. క్లింటన్ అందరికన్నా ముందు పెట్టాడు సంతకం. 1999 అక్టోబర్‌లో వాళ్ల సెనేట్ ధ్రువీకరణని 48–51తో తోసిపుచ్చింది. రష్యా ధ్రువీకరించి మరీ 2023లో వెనక్కి తీసుకుంది. దీనికి జవాబు చెప్పండి.

కొండవీటి_వాసు
అంత విలువలేనిదైతే పెట్టడానికి భయమెందుకండీ? 1954లో పరీక్షలు ఆపండి అని లోక్‌సభలో మొదట అడిగింది నెహ్రూ. 1998లో వాజ్‌పేయి ఐరాసకి వెళ్లి, ఒప్పందం అమలు 1999 సెప్టెంబర్ దాటకుండా చర్చలు ముగించడానికి సిద్ధమన్నారు. 2008లో అణు వ్యాపారానికి మినహాయింపు కావాల్సివచ్చినప్పుడు ప్రణబ్ ముఖర్జీ, పరీక్షలు చేయబోమన్న మాట మళ్లీ ఇచ్చారు. మాట ఇచ్చాం, దాని ఫలం తిన్నాం. కాగితం మీద రాయమంటే మాత్రం కుదరదా?

పాతకాపు_58
మన ఇష్టంతో ఇచ్చిన మాట వేరు, తాకట్టు వేరు. సంతకం సంగతి నాకు చెప్పకండి. 1998 మేలో నేనొక ప్రభుత్వ సంస్థలో జూనియర్‌ని. బయట దేశంలో ఒక ల్యాబ్ రమ్మంది, రెండేళ్ల ఫెలోషిప్. సూట్‌కేసు కొన్నాను, దాని తాళంచెవి మా అమ్మ పసుపుతాడుకి కట్టి పూజలో పెట్టింది. పోఖ్రాన్ అయిన మూడు వారాలకి ఒక లైను ఉత్తరం వచ్చింది, రావద్దని. మా సంస్థ పేరు ఆంక్షల్లో పడింది. ఆ సూట్‌కేసులో ఇప్పుడు దుప్పట్లు ఉన్నాయి.

లత_నిజామాబాద్
మీరిద్దరూ ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకోండి, మాకు నోటిఫికేషన్లు తగ్గుతాయి.

సీస్మో_సుబ్బు
ఫెలోషిప్ పోవడం బాధే సార్. కానీ దానికీ ఒప్పందానికీ ఏంటి సంబంధం? ఆ ఆంక్షలు పరీక్ష చేసినందుకు వచ్చాయి, సంతకం పెట్టినందుకు కాదు. డొంకతిరుగుడు ఎందుకు, మీకు కావలసింది ఇంకో పరీక్ష. ఆ మాట చెప్పేయండి.

పాతకాపు_58
అవును కావాలి. చెప్పేశా. 1998లో పనిచేసిన డీఆర్‌డీవో సంతానం గారే 2009లో అన్నారు, హైడ్రోజన్ బాంబు అనుకున్నంతగా పేలలేదని. అణు శాస్త్రవేత్తలు ఆర్. చిదంబరం గారు, కకోద్కర్ గారు కాదన్నారు. విదేశీ భూకంప కేంద్రాల లెక్క కూడా మనం చెప్పిన 45 కిలోటన్నుల కన్నా చాలా తక్కువే కదా సుబ్బు గారూ, అది మీ సబ్జెక్టే. ఆ బాంబు తుస్సుమని ఉంటే మేం ఎందుకు మూల్యం కట్టాం? నా రెండేళ్లు దేనికి పోయినట్టు?

సీస్మో_సుబ్బు
తక్కువే చెప్పారు. కానీ అక్కడి రాళ్ల స్వభావాన్ని బట్టి ఆ లెక్క మారుతుంది, మనవాళ్ల వాదన అదే. దాన్ని బయటినుంచి తేల్చలేం. ఇంకోటి పేలిస్తే మీ రెండేళ్లు తిరిగిరావు. ఇంకో కుర్రాడికి లైను ఉత్తరం వస్తుంది, అంతే.

పాతకాపు_58
మర్యాదగా మాట్లాడండి. నేను దేశం గురించి చెప్తున్నా.

నాగమణి_ఆర్మీవైఫ్
తమ్ముళ్లూ, కాస్త ఆగండి. మావారి పోస్టింగ్ జైసల్మేర్ వైపు ఉన్నప్పుడు ఖేతోలాయి వెళ్లాం. పరీక్షలు జరిగిన చోటికి దగ్గరి ఊరు. ఆ రోజు అందరినీ ఇళ్లు వదిలి బయటికి రమ్మన్నారట. ఒక ముసలాయన వాళ్ల నీళ్ల ట్యాంకు మీద పగులు చూపించాడు, నా చిటికెనవేలు దూరింది. సిమెంటు పెట్టినా మళ్లీ విచ్చుకుంటోందన్నాడు. బాంబు పేలిందా తుస్సుమందా అని మాత్రం ఆయన అడగలేదు.

పాతకాపు_58
అమ్మా, ఆ ఊరి గురించి నేనేమీ అనలేదు. 1996 జాబితాకి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. మిగతాది రాత్రికి రాస్తా, ఇక్కడ కరెంటు పోయింది.

కొండవీటి_వాసు
జాబితా అన్యాయమే అని నేను ఒప్పుకుంటున్నా సార్. నా ప్రశ్న అది కాదు.