సేయువాడా, సేయువాడెనా?

గోదారిగట్టు: నిన్న మారేడుమిల్లి ఘాట్ దిగుతున్నాం. ఎదురుగా ఎక్కుతున్న లారీని మలుపులో దాటబోయి ఓ బైకువాడు మా మీదికొచ్చేశాడు. మా డ్రైవరు హారన్ కూడా కొట్టలేదు, బండి ఎడమకి తీసి ఆపి, చెయ్యి బయటపెట్టి పొమ్మని ఊపాడు. అప్పట్నుంచీ సుమతీ శతకంలోని ‘అపకారికి నుపకారము’ పద్యం నోట్లో నానుతోంది. చివరి పాదం ‘నెపమెన్నక సేయువాడు నేర్పరి’యా, ‘సేయువాడె’నా?

పాతబడి: ‘వాడె’నే. మా పంతులుగారు అలాగే వల్లెవేయించారు. ఉపకారికి ఉపకారం ఎవడైనా చేస్తాడు, వీడొక్కడే నేర్పరి అని తేల్చడానికే కదా పద్యం! ‘డు’ పెడితే పస ఏముంది?

కందప్రియ: ఆ ‘ఒక్కడే’ పంతుళ్ళు చేర్చిందే అనుకుంటా మాస్టారూ. ఛందస్సు కూడా మీకు సాయం రాదు. డు అయినా డె అయినా లఘువే, మూడో గణం జగణమే.

లారీబాబాయ్: అసలు సంగతి ‘నెపం’లో ఉంది. ఇప్పుడు సాకు అనే అర్థంలో వాడుతున్నాం గానీ ఇక్కడ తప్పు, నేరం అని. తప్పెవరిదో లెక్క తేలేదాకా కదలనంటే ఘాట్‌లో ఇద్దరూ లోయలోకే. అందుకే ‘మంచివాడు’ అనకుండా ‘నేర్పరి’ అన్నాడు, స్టీరింగ్ మీద చెయ్యి తిరిగినవాడన్నమాట.

కందప్రియ: ‘ఏ సాకూ వెతక్కుండా’ అన్నా పొసుగుతుంది బాబాయ్.

పాతబడి: అయినా ఘాట్‌లో ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలనేది రూలే, ఉపకారం ఎలా అవుతుంది?

లారీబాబాయ్: మలుపులో ఓవర్‌టేక్ చేసేవాడికా రూలు! తిరుమలలో ఎక్కే రోడ్డు, దిగే రోడ్డు వేరు గనక అక్కడ ఈ పేచీ లేదు.

థేమ్స్‌తెలుగు: ఇంగ్లండు హైవే కోడ్‌లో లైట్లు కొట్టడం ‘నేనిక్కడున్నాను’ అని తెలపడానికే అని రాసుంది. జనం మాత్రం ఇరుకు సందుల్లో ‘నువ్వు రా’ అనడానికి వాడతారు, దారిచ్చినవాడికి చెయ్యెత్తడం మర్యాద. మన దగ్గర డిప్పర్ కొట్టాడంటే చాలావరకు ‘ఆగు, నేనొస్తున్నా’ అనే. మొదట్లో ఊరొచ్చినప్పుడల్లా నాకు టెన్షనే.

పాతబడి: సుమతి రాసిన బద్దెనకి మన బళ్ళ గోల కూడా తెలుసండోయ్, ‘ఎక్కిన బారని గుర్రము గ్రక్కున విడువంగవలయు’ అన్నాడు. మా స్కూటర్‌కి పొద్దున్నే కిక్కు కొడుతూ రోజూ చదువుకుంటా.

కందప్రియ: బద్దెన ‘నీతిశాస్త్రముక్తావళి’ రాశాడు, సరే. సుమతి కూడా ఆయనదేనా అన్నది పండితుల్లోనే తెగలేదు, మీరు తేల్చేశారు.

పాతబడి: శైలి చూస్తే తెలియదూ?

గోదారిగట్టు: నా డు, డె సంగతి...

కందప్రియ: పాత అచ్చుపుస్తకం ఉన్నవాళ్ళు ఆ పేజీ ఫొటో పెట్టండి, వాట్సాప్ ఫార్వర్డ్‌లు వద్దు. అన్నట్టు, కొన్నిట్లో ‘సేయు’ కాదు, ‘చేయు’ అని ఉంది. అదెవరు దిద్దారు?