పాత ఒంటి బటన్ విమానాన్ని మళ్లీ ఎగరేయడం ఎలా?

నమస్కారమండీ. మేం ఒహాయోలో ఉంటాం. పక్కింటి పెద్దాయనకి ఎనభై దాటాయి. కుర్రతనంలో తాను చేసుకున్న రేడియో కంట్రోల్ విమానాన్ని నా చేతిలో పెట్టి, “దీన్ని ఇంకొక్కసారి గాల్లో చూడాలనుంది” అన్నారు. ఆ మాట నన్ను వదలట్లేదు.

బాల్సా చెక్క, పట్టుగుడ్డ తొడుగు, ముక్కున కాక్స్ .049 అనే బుల్లి ఇంజన్. దాన్ని వాసన చూస్తే ఇప్పటికీ ఆముదమే! అప్పట్లో ఇంధనంలో ఆముదం కలిపేవారు కదా. ట్రాన్స్‌మిటర్ 27.255 మెగాహెర్ట్జ్‌ది, ఒకటే బటన్. నొక్కి పట్టుకుంటే రడ్డర్ (తోక దగ్గర విమానాన్ని పక్కకి తిప్పే పలక) కుడికి, వదిలితే మధ్యకి, మళ్లీ నొక్కితే ఎడమకి. కిందటిసారి ఎటు తిప్పామో మనమే గుర్తుపెట్టుకోవాలి. లోపల మోటారు లేదు. మెలితిప్పిన రబ్బరే రడ్డర్‌ని తిప్పుతుంది, చిన్న విద్యుదయస్కాంతం దాన్ని ఒక్కో అడుగు వదులుతుంది. దీన్నే ఎస్కేప్‌మెంట్ అంటారు. 1930ల చివర్లో అమెరికాలో గుడ్ సోదరులు ‘గఫ్’ అనే తొలితరం రేడియో కంట్రోల్ విమానాన్ని ఎగరేసిన రోజుల నుంచి ఇన్నేళ్లలో ఎంత మారిపోయిందో!

ఆ రబ్బరు బంకలా కరిగి కొక్కేనికి అంటుకుపోయింది. ఎంత వెడల్పు రబ్బరు వేయాలి? ఎన్ని మెలికలు తిప్పొచ్చు? ఎస్కేప్‌మెంట్‌ని అలాగే ఉంచి, ఇప్పటి 2.4 గిగాహెర్ట్జ్ రిసీవర్‌తో నడిపినవాళ్లు ఎవరైనా ఉన్నారా? సర్వో (రడ్డర్‌ని తిప్పే చిన్న మోటారు) పెడితే సులువే, కానీ అప్పుడది ఆయన విమానం కాదనిపిస్తుంది. పట్టుగుడ్డ రెక్క మీద ఒకచోట జానెడు చిరిగింది. మొత్తం తీసేయకుండా, గుడ్డని బిగించే డోప్ అనే వార్నిష్‌తో అతుకు వేయొచ్చా?

ఎండాకాలం లోపు ఎగరేయాలని టెన్షన్‌గా ఉంది. తెలిసినవారు దయచేసి చెప్పండి.