డెల్ఫ్ట్‌లో పీహెచ్‌డీ నాలుగేళ్లు, నెట్‌వర్క్ నిధులు మూడేళ్లు: ఇది సరిపోతుందా?

కొలబద్ద:
నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయం 1842లో ఇంజినీర్ల కోసం రెండో విలియం రాజు స్థాపించిన అకాడమీ. 1864లో పాలిటెక్నిక్ స్కూలైంది. డాక్టరేట్ ఇచ్చే హక్కు 1905లో గానీ రాలేదు. ఇప్పుడక్కడ పీహెచ్‌డీ కాంట్రాక్టు మామూలుగా 4 ఏళ్లు. ఐరోపా సమాఖ్య (ఈయూ) వారి మేరీ క్యూరీ డాక్టొరల్ నెట్‌వర్క్, అంటే విశ్వవిద్యాలయాలూ కంపెనీలూ కలిసి పీహెచ్‌డీ విద్యార్థులను తీర్చిదిద్దే పథకం, మాత్రం సాధారణంగా ఒక్కొక్కరికి 36 నెలలకే డబ్బిస్తుంది. నాలుగో ఏడాది జీతం ఎవరిదో తేలకుండా విశ్వవిద్యాలయం అందులో చేరకూడదంటాను.

రెండోమాట:
చేరకూడదనడం మరీ అతి. 36 నెలల పరిమితి ఐరోపా సొమ్ముకే, ఉద్యోగానికి కాదు. మిగతా 12 నెలలు శాఖ తన నిధుల్లోంచి కలిపి 48 నెలల కాంట్రాక్టు ఇవ్వొచ్చు.

నన్నడిగితే గండం సెకండ్‌మెంట్లలో, అంటే కొన్నాళ్లు వేరే సంస్థకు పంపడంలో ఉంది. ఆ 36 నెలల్లో మూడో వంతు, అంటే 12 నెలల దాకా బయటి సంస్థల్లో గడపొచ్చు. డెల్ఫ్ట్‌లో మొదటి ఏడాదిలోనే ‘గో/నో-గో’ సమీక్ష, అంటే పీహెచ్‌డీ కొనసాగించాలా ఆపాలా అని తేల్చేది. దానికి ముందే కంపెనీకి పంపేస్తే సమీక్షలో చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు. సమీక్ష గట్టెక్కాక మూడేసి నెలల విడతలుగా పంపడం మేలు. డేటా, ప్రచురణ హక్కుల ఒప్పందం బయల్దేరకముందే సంతకమవ్వాలి. లేదంటే సొంత థీసిస్‌లో సొంత కొలతలు వేసుకోవడానికి కంపెనీ అనుమతి కోసం కాచుక్కూర్చోవాలి.

తాళపత్రం:
కోర్సులూ మరవకండి. అక్కడి గ్రాడ్యుయేట్ స్కూల్ 45 క్రెడిట్లు అడుగుతుంది: సబ్జెక్టు, పరిశోధన, ఇతర నైపుణ్యాలు, ఒక్కోదానికి 15. నెట్‌వర్క్ సమ్మర్ స్కూల్ లెక్కలోకి వస్తుందో లేదో వెళ్లకముందే రాతపూర్వకంగా అడగాలి, లేకపోతే అదే పాఠం రెండుసార్లు వినాల్సొస్తుంది.

ఇంకోటి, నియామకానికి ముందు 36 నెలల్లో 12 నెలలకు మించి నెదర్లాండ్స్‌లో ఉన్నవాళ్లు ఈ నెట్‌వర్క్‌లో అక్కడి పోస్టుకు అనర్హులు. డెల్ఫ్ట్‌లోనే రెండేళ్ల మాస్టర్స్ చేసి వెంటనే దరఖాస్తు పెడితే అంతే సంగతులు!

కొలబద్ద:
సెకండ్‌మెంట్ల మాట ఒప్పుకుంటాను. కానీ నెట్‌వర్క్ ప్రాజెక్టు మొత్తం ఆయుష్షే మామూలుగా 48 నెలలు. ప్రకటన, ఎంపిక, వీసా అంటూ 14 నెలలు గడిస్తే ఆలస్యంగా చేరినవారికి మిగిలేది 34 నెలల నిధే. అప్పుడు శాఖ భరించాల్సింది 12 కాదు, 14 నెలలు. ఆ రెండు నెలలకు ఏ బడ్జెట్‌లోనూ పద్దుండదు.

రెండోమాట:
అందుకే ప్రకటన ప్రాజెక్టు మొదటి నెలలోనే వెయ్యాలి. ఆలస్యమైతే ఆ లోటు శాఖ భరిస్తుందన్న వాక్యం కాంట్రాక్టులోనే అడిగి రాయించుకోవాలి.