అప్‌డేట్: ట్రినిడాడ్‌లో మిరపకాయల వేట

కరీబియన్ దీవి ట్రినిడాడ్‌లో నాటు మిరప రకాలు ఎక్కడ దొరుకుతాయని అడిగాను కదా, వెళ్లొచ్చాను. సూపర్‌మార్కెట్లు వదిలేసి పొద్దున్నే పోర్ట్ ఆఫ్ స్పెయిన్ సెంట్రల్ మార్కెట్‌కు వెళ్లమన్నవాళ్లకు థ్యాంక్స్.

అందరూ ఊరించిన మోరుగా స్కార్పియన్ అనే మిరపకాయ చూశాను. ముడతల తోలు, అడుగున తేలు కొండిలాంటి తోక. 2012లో న్యూ మెక్సికో స్టేట్ యూనివర్సిటీ పరీక్షల్లో సగటున 12 లక్షల స్కోవిల్ యూనిట్లు (కారాన్ని కొలిచే లెక్క) దాటిన కాయ ఇది. గోరంత ముక్క నోట్లో వేసుకుంటే ముందు పండు వాసన, కాస్త తీపి. కారం ఆలస్యంగా వస్తుంది, వచ్చాక పోదు! గుంటూరు కారం తిన్నామన్న ధీమా ఇక్కడ పనిచేయదు.

నాకు మాత్రం బాగా నచ్చింది పిమెంటో అనే ఇంకో మిరప రకం. పొడుగ్గా ఉంటుంది, కారం దాదాపు లేదు, సువాసన అద్భుతం. చాడన్ బెనీ (కొత్తిమీర లాంటి వాసన ఉండే) ఆకు, వెల్లుల్లితో కలిపి నూరి చేపలకూ మాంసానికీ పట్టిస్తారు. డబుల్స్ (శనగల కూర పెట్టిన మెత్తటి రొట్టెలు) అమ్మే బండి దగ్గర 'స్లైట్ పెప్పర్', అంటే కారం కొంచెమే, అనండి చాలు.

విత్తనాలు తేలేదు. ఇండియాకు తేవాలంటే ఇంపోర్ట్ పర్మిట్, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (తెగుళ్లు లేవని ఇచ్చే పత్రం) కావాలి. సాస్ సీసాలు చెక్-ఇన్ లగేజీలో తెచ్చుకున్నాను.