ఆరుగురికీ ఒకటే లాగిన్: ఎక్కడి నుంచి సరిచేయాలి?

ప్రశ్న (ఎనుమాముల):
అన్నలకు, అక్కలకు నమస్తే. మార్కెట్ దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్ పని చూస్తున్నా. ఆఫీసులో ఆరుగురం. బస్తాల లెక్కల సాఫ్ట్‌వేర్‌కు లాగిన్ మాత్రం ఒక్కటే, ‘అడ్మిన్’. పాస్‌వర్డ్ మానిటర్ కింద చీటీ మీద అతికించి ఉంటుంది. పోయిన వారం ఒక రైతు లాట్‌లో 40 బస్తాలకు 28 చూపించింది. 12 బస్తాలు డెలివరీ అయినట్టు ఎంట్రీ ఎవరు కొట్టారో తేలలేదు. రెండు రోజులు ఒకరి ముఖం ఒకరం చూడలేకపోయాం. చివరికి బస్తాలు గదిలోనే దొరికాయి, పక్క లాట్‌కు పడాల్సిన ఎంట్రీ ఇందులో పడిందట. ఇప్పుడు సేటు ‘ఐడెంటిటీ అండ్ యాక్సెస్ మేనేజ్‌మెంట్’ అని ఏదో కొటేషన్ తెప్పించారు. ఆరుగురికి అది అవసరమా? అసలు దాని ఉద్దేశం ఏంది?

జవాబు (హనుమకొండ, ఐటీ పని):
తమ్మీ, సాఫ్ట్‌వేర్ తర్వాత కొనొచ్చు, ముందు పద్ధతి కావాలి. లోపలికి వచ్చింది ఎవరో తెలియాలి, వాళ్ల పనికి ఎంత అవసరమో అంతే తెరుచుకోవాలి, చేసింది వాళ్ల పేరు మీదే నమోదు కావాలి. కాంటా దగ్గరి మనిషికి తూకం ఎంట్రీ చాలు. గేటు దగ్గర గేట్‌పాస్ కనిపిస్తే చాలు. డెలివరీ కొట్టేది ఒకరు, ఓకే చేసేది ఇంకొకరు ఉండాలి. అలా ఉంటే ఆ 12 బస్తాల తప్పు అదే పూట దొరికేది. దీన్ని మనుషుల మీద అనుమానం అనుకోకు. మీ ఆరుగురిలో తప్పు చేయని ఐదుగురికి ఆ రెండు రోజుల టెన్షన్ ఉండేది కాదు, నాకు అదే పెద్ద లాభంగా కనిపిస్తుంది.

ఇంకొకటి, పని మానేసినవాళ్ల సంగతి చూశావా? ఆఖరి రోజు సాయంత్రమే లాగిన్ ఆపాలి. సెక్షన్ మారినప్పుడు పాత అనుమతులు తీసేయడం చాలామంది మరిచిపోతారు.

జవాబు (కాజీపేట, అకౌంట్స్):
మీది కంపెనీగా రిజిస్టర్ అయి ఉంటే ఒకటి గమనించండి. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ ఎప్పుడు జరిగిందో నమోదు కావాలి, దాన్ని ఆపేసే వీలు ఉండకూడదు. కానీ అందరూ ‘అడ్మిన్’ అయితే ఆ నమోదులో కనిపించేది కూడా ‘అడ్మినే’!

ప్రశ్న అడిగినవారు:
దసరాకు మానేసి హైదరాబాద్ పోయిన అబ్బాయి ఫోన్‌లో మా సిస్టం ఇంకా తెరుచుకుంటోంది అన్నా! ఫోన్ చేస్తే అతనే చెప్పాడు, పాపం. వెంటనే ఆపించా. గేటు దగ్గరి పెద్దాయన మాత్రం నెలనెలా పాస్‌వర్డ్ మార్చడం తన వల్ల కాదంటున్నారు.

జవాబు (హనుమకొండ):
నెలనెలా మార్చనక్కర్లేదు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా 2017లోనే ఆ పద్ధతి వద్దంది, బయటపడిందని తెలిస్తే మార్చాలి. ఆయనకు గుర్తుండే నాలుగైదు మాటలు కలిపి పొడుగ్గా పెట్టించు. డబ్బు, అప్పు వివరాలు చూసేవాళ్లకు ఓటీపీ కూడా పెట్టు. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి, కవర్‌లో సీల్ చేసి, సేటు సంతకంతో బీరువాలో పెట్టించు. ఎప్పుడైనా కవర్ తెరిస్తే, పని అయిన రోజే కొత్త పాస్‌వర్డ్, కొత్త కవర్.