అప్‌డేట్: చెట్ల హద్దుకు పైన మ్యూల్ జింకల జాడ దొరికింది

కొలరాడోలోని శాన్ హువాన్ పర్వతాల్లో, సెప్టెంబరు విల్లు వేటకు ముందే మగ మ్యూల్ జింకలను (పెద్ద చెవులుండే ఉత్తర అమెరికా జింకలు) ఎక్కడ వెతకాలని జూన్‌లో ఇక్కడ అడిగాను. "లోయలోకి దిగవద్దు, ఎదురు గట్టు మీద కూర్చుని చూడండి" అన్న సలహా అక్షరాలా పనిచేసింది. చెప్పినవారికి కృతజ్ఞతలు.

ఆగస్టు మొదట్లో, ఇంకా చీకటి ఉండగానే చెట్లు పెరగడం ఆగిపోయే హద్దుకు పైన, సుమారు 12,000 అడుగుల ఎత్తున ఉన్న గట్టెక్కి, స్పాటింగ్ స్కోప్‌ను (దూరంలో ఉన్నవాటిని చూసే చిన్న టెలిస్కోప్) ట్రైపాడ్‌కు బిగించాను. తెల్లవారగానే విల్లో పొదల అంచున మగ జింకల గుంపు మేస్తూ కనిపించింది. వేసవిలో వాటి ఒళ్లు ఎర్రగా ఉంటుంది కాబట్టి పచ్చికలో ఇట్టే పట్టుబడతాయి. పెద్దదాని కొమ్ములకు నూగు పొర (పెరిగే కొమ్ములను కప్పి ఉంచే మెత్తటి చర్మం) ఇంకా ఉంది. వెనుక కాలితో చెవి గోక్కుంటూ, కొమ్ముకు గిట్ట తగలకుండా ఎంత జాగ్రత్త పడిందో! ఎండ ఎక్కగానే అన్నీ బండల నీడకు చేరి పడుకున్నాయి. మేత చోటు కన్నా ఆ పడక చోటే ముఖ్యమని నా అభిప్రాయం. పగటి వేడికి గాలి వాలు వెంట పైకి వీస్తుంది కాబట్టి, మన వాసన వాటికి అందకుండా అక్కడికి పైనుంచే దిగాలి. మధ్యాహ్నపు ఉరుములకు ముందే కిందికి వచ్చేశాను.

ఒక సందేహం మిగిలింది. నూగు రాలిపోయాక మగ జింకలు చెట్ల చాటుకు జారుకుంటాయి. సీజన్ మొదలయ్యేసరికి ఈ గుంపు కింది స్ప్రూస్ చెట్ల (సూది ఆకుల చెట్లు) అడవిలోకి దిగితే, నేను పైనే కాపు కాయాలా, అడవి అంచుకు మారాలా? అక్కడ వేటాడినవారు చెప్పగలరు.