“పితూరీ ఏటికి ఈవల”: ఏడా, ఏరా?

అడ్డతీగల: మా అమ్మమ్మ వాళ్ల నాన్న ఊసు ఎత్తినప్పుడల్లా ఒకటే మాట అనేది: “ఆయన పితూరీ ఏటికి ఈవల పుట్టినోడు.” ఆ వెనక ఇంకో ముక్క ఉండేది, తాటిచెట్టు సంగతేదో. అదే నోటికి రావట్లేదు. ఇంతకీ ఆ “ఏటికి” ఏడా (సంవత్సరమా), ఏరా (నదా)?

నర్సీపట్నం: ఏడే. పాములేరు, సీలేరు, ఏలేరు విన్నాం గానీ పితూరీ ఏరు ఎక్కడుందండీ? పితూరీ అంటే మన్యం తిరుగుబాటు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజుగారి దండు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడ్డారు కదా, మా వైపు పెద్దలు వయసులు ఆ లెక్కనే చెప్పేవారు.

అడ్డతీగల: 1922 కుదరదండి. స్వరాజ్యం వచ్చేనాటికే అమ్మమ్మకి ఇద్దరు పిల్లలు.

కాకినాడ: అయితే 1879 మార్చిలో మొదలైన రంప పితూరీ. పితూరీ అనగానే అందరికీ రామరాజుగారే గుర్తొస్తారు, తప్పులేదు. కానీ ఆయనకు నలభై ఏళ్ల ముందే తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య మన్యమంతా కదిలించారు. మన పాఠ్యపుస్తకాల్లో వాళ్లకు దక్కింది ఒక్క వాక్యం. అమ్మమ్మగారి తాటిచెట్టు కూడా ఇక్కడే సరిపోతుంది. ఇంటికోసం గీసుకునే కల్లు మీద చిగురుపన్ను వేసి, ఆబ్కారీ వేలంపాట పాడుకున్నవాళ్లకి అప్పగించడమే కదా జనాన్ని రేపింది!

తెనాలి: చరిత్ర సరే, అక్షరం చూడండి. సంవత్సరమైతే ఏఁడు, ఏఁటికి. నదైతే ఏఱు, ఏటికి. అరసున్న ఉంటే తగవే లేదు.

నర్సీపట్నం: అమ్మమ్మ నోట అరసున్న ఎలా వినబడుతుందండీ?

తెనాలి: రాతలో పోయిందని భాషలో లేదంటే ఎలా? సుమతీ శతకంలోని “అప్పిచ్చువాడు వైద్యుడు” పద్యంలో ఎడతెగక పారే ఏటికి బండి ఱ పెట్టారు. ఊరు ఉండదగ్గదా కాదా అని తేల్చడానికి ఏరును వైద్యుడి సరసన నిలబెట్టిన కవి ఆయన. కందంలో అంత పొదుపు ఇంకెవరికైనా సాధ్యమైందా చెప్పండి.

కరీంనగర్: మా దిక్కు ఇప్పటికీ “ఏండ్లు” అనే అంటం, ఆ సున్న ఎటు పోలేదు. నా అనుమానం “ఈవల” మీద. అది ఏరుకే అతుకుతది. ఏడుకైతే “తర్వాత” అనాలె.

తెనాలి: మరి “ఇటీవల”లో ఉన్నదేమిటండీ? కాలమే కదా.

కరీంనగర్: అది అతికిపోయిన మాట. విడిగా కాలానికి వాడిన ప్రయోగం ఒక్కటి చూపెట్టండి.

హైదరాబాద్: అసలు “పితూరీ” అనొచ్చా? ఉర్దూలో ఫుతూర్, వాడుకలో ఫితూర్. గొడవ, అల్లరి, కుట్ర అని. అది సర్కారు కచేరీ మాట. తిరుగుబాటు అనాలి.

కాకినాడ: కచేరీ మాటే, ఒప్పుకుంటాను. కానీ దొరల కాగితంలో నేరంగా ఉన్నదాన్ని మన్యం జనం పుట్టిన తేదీలు లెక్కపెట్టుకునే గుర్తుగా మార్చుకున్నారు. మైదానంలో మనం చేసిందేమిటి? పితూరీ చెప్పడమంటే చాడీలు చెప్పడమని స్థిరపరిచాం. “ముఠా” గతీ అంతే. ఏజెన్సీలో అది కొన్ని ఊళ్ల కట్టు, దానికో ముఠాదారు. పేపర్లో ఇప్పుడు ముఠా అంటే దొంగలే. ఈ రెండు మాటలూ నాకు బాధగా ఉంటాయి.

నర్సీపట్నం: చాడీ అర్థం ఎలా వచ్చిందో నాకో ఊహ ఉంది. పితూరీదార్ల జాడ పోలీసులకు చేరవేసినవాడు చెప్పింది కూడా పితూరీయే అయ్యుంటుంది.

హైదరాబాద్: ఊహ బాగుంది కానీ అంత దూరం పోనక్కర్లేదండి. ఫితూర్‌లోనే కుట్ర ఉంది, కుట్ర నుంచి చాడీకి ఒక్క అడుగు.

నర్సీపట్నం: మన్యంలో ఆ అడుగు ఎవరు వేశారన్నదే నా ప్రశ్న. రామరాజుగారి అనుచరుడు గాం మల్లుదొరకు ఉరిశిక్ష వేసి, తర్వాత అండమాన్ పంపారు. 1952లో ఆయనే విశాఖ నుంచి లోక్‌సభకు గెలిచారు. ఆ మాట ఆయన నోట ఏ అర్థంలో పలికేదో ఎవరైనా రాసిపెట్టారా?

అడ్డతీగల: అమ్మకి ఫోన్ చేశాను. “ఏటికి” కాదు, “పితూరీ నాటికి” అంటోంది. తాటిచెట్టు ముక్క తనకీ తెలియదట.

కరీంనగర్: “నాటికి” అయితే “ఈవల” పొసగదు.

తెనాలి: “నాటికీవల” అని సంధి చేసి చదవండి, పొసగుతుంది. అమ్మగారిని ఇంకోసారి నెమ్మదిగా అనమనండి, “నా”కి ముందు ఏమైనా వినిపిస్తుందేమో.